వెన్నుపాముకు పందిరి: స్కాఫోల్డ్‌లు ఎక్కడిదాకా వచ్చాయి?

విశాఖలో ఏ పెద్ద ఆసుపత్రిలోనైనా న్యూరోసర్జరీ వార్డు బయట కాసేపు కూర్చోండి, ఈ మాట చెవిన పడుతుంది: "ఆపరేషన్ బాగా అయిందన్నారు, రాడ్లు కూడా వేశారు. మరి కాళ్లు కదలట్లేదేంటండీ?" అడిగేది శ్రీకాకుళం వైపు తాటిచెట్టు మీంచి జారిపడ్డ గీత కార్మికుడి తమ్ముడు కావచ్చు. పాడేరు దగ్గర జీలుగు చెట్టెక్కి పడిపోయినవాడి భార్య కావచ్చు. మధురవాడలో అపార్ట్‌మెంటు పనిలో పరంజా మీంచి పడ్డ మేస్త్రీ కొడుకు కావచ్చు. ఉమ్మడి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచే కాదు, కోరాపుట్, రాయగడ వైపు నుంచి కూడా వెన్ను విరిగినవాళ్లను తీసుకొచ్చేది ఈ ఊరికే.

ఆ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందు రెండు మాటలను విడదీయాలి. వెన్నుపూస ఎముక. వెన్నుపాము ఆ పూసల మధ్యలోంచి దిగే నరాల కట్ట. సర్జన్ విరిగిన పూసలను స్క్రూలు, రాడ్లతో కదలకుండా బిగిస్తారు. పాముకు గుచ్చుకుంటున్న ఎముక ముక్క ఉంటే తీసేసి ఒత్తిడి తగ్గిస్తారు. ఇది అత్యవసరమైన పని, ఆలస్యం చేయకూడని పని. కానీ లోపల నలిగిపోయిన నరాలను అతికించడం ఆ ఆపరేషన్‌లో భాగం కాదు. అలా అతికించే చికిత్స ఇప్పటిదాకా ప్రపంచంలో ఏ ఆసుపత్రిలోనూ మామూలు వైద్యంగా అందుబాటులో లేదు.

ఆ లోటు పూడ్చడానికే ప్రయోగశాలల్లో నాలుగు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నారు. గాయమైన చోట ఏర్పడిన ఖాళీలో మెత్తని పదార్థం ఒకటి పెట్టి, దాని ఆధారంతో నరాల పోగులను అవతలి వైపుకు పాకించాలన్నది ఆలోచన. ఆ పదార్థాన్నే స్కాఫోల్డ్ అంటున్నారు. చిక్కుడు పాదుకు వేసే పందిరి లాంటిదనుకోండి. తీగకు పట్టునిస్తుంది, ఎటు పాకాలో దారి చూపిస్తుంది. తీగను పెంచేది మాత్రం అది కాదు. "ఎలుక లేచి నడిచింది" అంటూ ఫోన్లలో తిరిగే వీడియోలు ఈ చివరి మాటను వదిలేస్తాయి. నా ఉద్దేశంలో ఈ రంగంలో అసలు చిక్కంతా అక్కడే ఉంది. పందిరి వేయడం దాదాపు వచ్చేసింది. తీగ పందిరి దాటి, అవతల చేరాల్సిన చోటికే చేరేలా చూడటం ఇంకా చేతకాలేదు.

చేతి నరం పెరుగుతుంది, ఇది ఎందుకు పెరగదు?

మణికట్టు దగ్గర గాజుపెంకు కోసుకుని నరం తెగితే సర్జన్ కుట్టేస్తారు. తెగిన పోగులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున సాగి, కొన్ని నెలలకు వేళ్లలో స్పర్శ తిరిగొస్తుంది. చేతులు, కాళ్లలోని నరాల చుట్టూ ష్వాన్ కణాలు ఉండటమే దీనికి కారణం. నరం తెగగానే అవి చచ్చిన ముక్కలను శుభ్రం చేస్తాయి, వరసగా నిలబడి దారి కడతాయి, పెరుగుదలకు కావలసిన ప్రొటీన్లు విడుదల చేస్తాయి. అంటే అక్కడ స్కాఫోల్డ్‌ను శరీరమే తయారు చేసుకుంటుంది.

వెన్నుపాములో ష్వాన్ కణాలు ఉండవు. పెద్దవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరుకు కాస్త అటూఇటూ మందం ఉండే ఈ కట్టలో మెదడు నుంచి కిందికి, కింది నుంచి మెదడుకు వెళ్లే లక్షల పోగులు ఇరుకుగా సర్దుకుని ఉంటాయి. ఈ పోగులనే ఆక్సాన్లు అంటారు. మెదడు పైపొరలో ఉన్న ఒక కణం తన ఆక్సాన్‌ను నడుము దాకా పంపుతుంది. కణం తల పైభాగంలో, దాని కొస అర మీటరుకు పైగా దూరంలో. మధ్యలో దెబ్బ తగిలితే కణం చావకపోవచ్చు, కానీ కింది సగం తెగిపోతుంది.

ఆ తర్వాత జరిగేది దెబ్బకంటే ఘోరం. రక్తనాళాలు చిట్లుతాయి, వాపు వస్తుంది, చచ్చిన కణాల నుంచి బయటికొచ్చిన రసాయనాలు పక్కనున్న మంచి కణాలనూ చంపుతాయి. గంటల్లో మొదలై వారాల తరబడి గాయం పైకీ కిందికీ పాకుతుంది. చివరికి మధ్యలో నీటితో నిండిన గుంట మిగులుతుంది, చుట్టూ మచ్చ కణజాలం కట్టుకుంటుంది. ఆక్సాన్ల చుట్టూ ఉండే కొవ్వు తొడుగులు, అంటే మయలిన్ తొడుగులు తెగి, ఆ ముక్కలు అక్కడే పడి ఉంటాయి. వాటిలో పెరుగుదలను ఆపే ప్రొటీన్లు ఉన్నాయని జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ బృందం 1980ల చివర్లో చూపించింది. అందులో ముఖ్యమైనదాని పేరు నోగో, ఇంగ్లిషులో "నో గో", అంటే "పోవద్దు". పేరు పెట్టినవాళ్లకు హాస్యం తెలుసనుకుంటాను.

స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రమోన్ కహాల్ 1928 నాటికే పెద్దల మెదడు, వెన్నుపాములలో తెగిన దారులు తిరిగి మొలవవని తేల్చేశారు. అర్ధ శతాబ్దం పాటు దాదాపు అందరూ అదే నమ్మారు. 1981లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ అగ్వాయో, శామ్యూల్ డేవిడ్ ఎలుకల కాలి నరం ముక్కను తీసి, ఒక కొసను మెదడు కింది భాగంలో, రెండో కొసను వెన్నుపాములో నాటారు. వెన్నుపాముకు చెందిన ఆక్సాన్లు ఆ ముక్కలోకి దూరి మూడు సెంటీమీటర్ల దాకా పెరిగాయి. ఎలుకకు అది చిన్న దూరం కాదు. లోపం ఆ కణాల్లో పూర్తిగా లేదని, చుట్టూ ఉన్న పరిస్థితి మారిస్తే అవి పెరగగలవని అర్థమైంది. స్కాఫోల్డ్ పరిశోధన మొత్తానికి మూలం ఈ ప్రయోగమే.

ఆ ప్రయోగంలో ఇంకో ఫలితం కూడా ఉంది. నరం ముక్కలో మూడు సెంటీమీటర్లు సాగిన ఆక్సాన్లు, అవతలి కొస నుంచి మళ్లీ వెన్నుపాములోకి దిగాక ఒకటి రెండు మిల్లీమీటర్లు వెళ్లి ఆగిపోయాయి. 1981లో కనిపించిన ఆ రెండు మిల్లీమీటర్ల సమస్య నేటికీ పూర్తిగా తీరలేదు.

రొయ్య పెంకు నుంచి జెల్ దాకా

పదార్థాల జాబితా పెద్దదే. చర్మంలో, ఎముకలో ఉండే కొలాజెన్, కీళ్లలో, కంటిలో ఉండే హయలూరోనిక్ ఆమ్లం, రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ సహజమైనవి. లోపల కరిగిపోయే కుట్ల దారం తయారు చేసే పీఎల్‌జీఏ లాంటి పాలిమర్లు కృత్రిమమైనవి. విద్యుత్తును ప్రవహింపజేసే పాలిమర్లు, గ్రాఫీన్ అనే పలచటి కార్బన్ పొర మీదా పని జరుగుతోంది, అయితే అవి ఇంకా తొలి మెట్ల మీదే ఉన్నాయి.

విశాఖవాళ్లకు వీటిలో ఆసక్తి కలిగించేది కైటోసాన్. మన తీరంలో రొయ్యల ఫ్యాక్టరీల్లో తల, పెంకు తీసి పక్కన పోసే గుట్టలే దీనికి ముడిసరుకు. పెంకును పలచని ఆమ్లంలో వేస్తే సున్నం పోతుంది, క్షారంలో వేస్తే ప్రొటీన్ పోతుంది, మిగిలేది కైటిన్. దాన్ని గాఢమైన కాస్టిక్ సోడాలో వేడి చేస్తే కైటోసాన్ అవుతుంది. కొచ్చిలో ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీని తయారీ మీద చాలా ఏళ్లుగా పని చేస్తోంది, ఆ సంస్థ పరిశోధన కేంద్రం ఒకటి విశాఖలోనూ ఉంది. కైటోసాన్‌కు ధనావేశం ఉంటుంది కాబట్టి కణాలు దానికి సులువుగా అంటుకుంటాయి. మన శరీరంలోని లైసోజైమ్ అనే ఎంజైమ్ దాన్ని మెల్లగా అరిగిస్తుంది. ఎంత వేగంగా అరగాలో తయారీలోనే కొంతవరకు నిర్ణయించుకోవచ్చు. చేతి, కాలి నరాల్లో చిన్న ఖాళీలు పూడ్చడానికి కైటోసాన్ గొట్టాలు యూరప్‌లో ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. వెన్నుపాము విషయానికొస్తే, చైనా పరిశోధకులు ఎన్‌టీ-3 అనే పెరుగుదల ప్రొటీన్‌ను నెమ్మదిగా విడుదల చేసే కైటోసాన్‌ను ఎలుకల్లో, ఆ తర్వాత కోతుల్లో వాడి, ఆక్సాన్లు ఖాళీని దాటాయని 2018లో ప్రకటించారు. కోతుల దాకా వెళ్లిన ప్రయోగాలు ఈ రంగంలో తక్కువ కాబట్టి దీనికి విలువ ఎక్కువ.

అయితే ఫ్యాక్టరీ వెనక గుట్టకూ వెన్నుపాములో పెట్టగలిగే పదార్థానికీ మధ్య చాలా దూరం ఉంది. రొయ్య ప్రొటీన్ ఆనవాలు మిగిలితే ఎలర్జీ. బాక్టీరియా విషాలు మిగిలితే మెదడు పొరల దాకా వాపు. బ్యాచ్ బ్యాచ్‌కూ గుణం మారితే ప్రయోగమే చెల్లదు. స్టెరిలైజ్ చేయడం కూడా తలనొప్పే: వేడి చేస్తే కొలాజెన్ ఆకారం పోతుంది, గామా కిరణాలు పాలిమర్ గొలుసులను తెంపుతాయి, ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడితే దాని అవశేషం మిగలకుండా చూడాలి. స్టీల్‌ప్లాంట్ వైపున్న మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్నాయి కదా, ఇవీ ఇక్కడే చేసేయొచ్చు కదా అని అడిగేవాళ్లకు చెప్పేది ఇదే. ఫ్యాక్టరీ కట్టడం దీనిలో సులువైన భాగం.

పదార్థం ఏదైనా కొన్ని గుణాలు తప్పనిసరి. మొదటిది మెత్తదనం. వెన్నుపాము చాలా మెత్తన. ప్లాస్టిక్ లాంటి పాలిమర్ దానికంటే వేల రెట్లు గట్టిగా ఉండొచ్చు. మనిషి వంగినా, మెడ తిప్పినా లోపల పాము కాస్త కదులుతుంది, గట్టి ముక్క ఉంటే ప్రతి కదలికకూ ఒరుసుకుని కొత్త మచ్చ కడుతుంది. రెండోది దిశ. స్పాంజిలా అడ్డదిడ్డంగా రంధ్రాలుంటే ఆక్సాన్లు లోపలే తిరుగుతూ ఉండిపోతాయి. అందుకని పై నుంచి కిందికి సన్నని సొరంగాలు, లేదా ఒకే వైపు పరిచిన పోగులు పెడతారు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షావోచెన్ చెన్, మార్క్ టుజిన్‌స్కీ బృందాలు 2019లో 3డీ ప్రింటింగ్‌తో రెండు మిల్లీమీటర్ల స్కాఫోల్డ్‌ను 1.6 సెకన్లలో ముద్రించాయి. దానిలోని సొరంగాలను నాడీ మూల కణాలతో (స్టెమ్ సెల్స్) నింపి ఎలుకల్లో పెడితే, ఆక్సాన్లు దాటాయి, కాళ్ల కదలిక కొంత మెరుగైంది. మనిషి గాయం ఆకారాన్ని ఎంఆర్‌ఐలో చూసి అచ్చంగా అదే ఆకారంలో ముద్రించవచ్చన్నది ఇందులో ముఖ్యమైన సంగతి.

మూడోది అరిగే వేగం. నరాలు దాటకముందే కరిగిపోతే దండగ, మరీ ఆలస్యమైతే పెరిగే కణజాలానికి అడ్డు. పీఎల్‌జీఏ కరిగేటప్పుడు ఆమ్లాలు వదులుతుంది, ఇరుకైన చోట ఆ పులుపే కణాలకు ముప్పు. ఇంకా రక్తనాళాలు లోపలికి రావాలి, లేకపోతే నింపిన కణాలు ఆకలితో చస్తాయి. పరిశోధన పత్రాల్లో దీని గురించి ఒక పేరా మాత్రమే కనిపిస్తుంది గానీ, చాలా స్కాఫోల్డ్‌లు ఓడిపోయేది ఇక్కడే అనిపిస్తుంది నాకు.

వీడియోల్లో ఎక్కువగా కనిపించే జెల్ మాత్రం వేరే రకం. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ స్టుప్ బృందం 2021లో ప్రకటించిన ఈ పదార్థం సూదితో ఎక్కిస్తే ద్రవంగా వెళ్లి లోపల సన్నని పోగుల జెల్‌గా మారుతుంది. ఆ పోగుల మీద కణాలకు సంకేతాలిచ్చే రెండు రకాల చిన్న ప్రొటీన్ ముక్కలున్నాయి. వాటిలోని అణువులు ఎంత చురుగ్గా కదిలితే కణాలు అంత బాగా స్పందించాయి. వార్తల్లో "నాట్యమాడే అణువులు" అన్నది అందుకే. గాయమైన మర్నాడు ఒక్క ఇంజెక్షన్, నాలుగు వారాలకు ఎలుకలు నడిచాయి. గొప్ప పని, సందేహం లేదు. కానీ అవి చిట్టెలుకలు, ఇంజెక్షన్ మర్నాడే, గాయం అందరికీ ఒకే కొలతలో యంత్రంతో చేసినది. ఆరేళ్లుగా మంచంలో ఉన్న మనిషి గురించి ఆ ప్రయోగం ఏమీ చెప్పదు.

మనుషుల్లో ఏమైంది?

ఈ ప్రశ్నకు జవాబు ఎక్కువమందికి చేరలేదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

అమెరికాలో ఇన్‌వివో థెరప్యూటిక్స్ అనే కంపెనీ పీఎల్‌జీఏతో చేసిన చిన్న స్తంభం లాంటి స్కాఫోల్డ్‌ను 2014 నుంచి మనుషుల్లో పెట్టింది. ఛాతీ ఎత్తులో వెన్ను దెబ్బతిని, కింద స్పర్శ గానీ కదలిక గానీ లేనివాళ్లను, గాయమైన కొద్ది రోజుల్లోనే ఎంచుకున్నారు. వెన్నుపాము గాయాలను A నుంచి E దాకా ఐదు గ్రేడులుగా చూస్తారు, వీళ్లు అన్నిటికంటే కింది మెట్టయిన A గ్రేడు, అంటే పూర్తి గాయం. మొదటి ప్రయోగంలో ఆరు నెలల దాకా లెక్కకొచ్చిన 16 మందిలో 7 మంది కనీసం ఒక గ్రేడు పైకొచ్చారు. పాత రికార్డులతో పోలిస్తే ఇది బాగా ఎక్కువ. ఆశలు పెరిగాయి.

అయితే ఆ ప్రయోగంలో స్కాఫోల్డ్ పెట్టనివాళ్ల గుంపు లేదు. A గ్రేడులో ఉన్నవాళ్లలో కొందరు ఏ కొత్త వైద్యమూ లేకుండానే మొదటి నెలల్లో ఒక మెట్టు పైకి వస్తారు. దెబ్బ తగిలిన తొలి రోజుల్లో వెన్నుపాము మొత్తం స్తంభించిపోయినట్టు ఉంటుంది, అప్పుడు వేసిన గ్రేడు తర్వాత మారొచ్చు. త్వరగా ఆపరేషన్ అయినవాళ్లు, మంచి ఐసీయూలో ఉన్నవాళ్లు పాతకాలపు రోగుల కంటే మెరుగ్గా కోలుకుంటారు. అంటే పాత రికార్డులతో పోల్చడంలోనే మెలిక ఉంది.

అందుకని రెండో ప్రయోగం చేశారు. 20 మందిని తీసుకుని చీటీ వేసినట్టుగా విభజించి, 10 మందికి స్కాఫోల్డ్ పెట్టారు, 10 మందికి మామూలు ఆపరేషన్ మాత్రం చేశారు. స్కాఫోల్డ్ పెట్టినవాళ్లలో ఇద్దరు ఒక గ్రేడు మెరుగయ్యారు. పెట్టనివాళ్లలో ముగ్గురు. 2023లో ఫలితం బయటికొచ్చింది, మరుసటి ఏడాది కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

ఇద్దరు, ముగ్గురు అన్న తేడాతో స్కాఫోల్డ్ చెడు చేసిందని అనలేం, అంత చిన్న గుంపులో అది యాదృచ్ఛికం కావచ్చు. కానీ మొదటి ప్రయోగంలో కనిపించిన ఏడుగురి లెక్క ఎంత సులువుగా మోసం చేయగలదో దీనివల్ల తెలుస్తుంది. ఒక గ్రేడు మెరుగవడం అంటే నడవడం కాదని కూడా గుర్తుంచుకోవాలి. A నుంచి Bకి రావడమంటే మలద్వారం దగ్గర స్పర్శ తెలియడం కూడా సరిపోతుంది. రోగికి అది విలువైనదే. వీడియో పెట్టినవాళ్లు "కోలుకున్నారు" అని రాసినప్పుడు మన మనసులో కదిలే బొమ్మ మాత్రం వేరు.

చైనాలో దాయ్ జియాన్‌వూ బృందం ఒకే వైపు పోగులుండే కొలాజెన్ స్కాఫోల్డ్‌ను మూల కణాలతో కలిపి 2015 నుంచి రోగుల్లో పెడుతోంది. ప్రమాదం పెద్దగా లేదని, కొందరికి స్పర్శ, మూత్రం మీద అదుపు కొంత వచ్చిందని రాశారు. అక్కడ కూడా చీటీ వేసి విభజించిన పెద్ద ప్రయోగం కావాలి. పోలండ్‌లో కత్తిపోటుతో వెన్నుపాము దాదాపు తెగిపోయిన ఒక మనిషికి 2012లో చేసిన ఆపరేషన్ పెద్ద వార్తయింది. ఆయన ముక్కు నరాలకు చెందిన ప్రత్యేక కణాలను, చీలమండ దగ్గరి నరం ముక్కలను కలిపి 8 మిల్లీమీటర్ల ఖాళీలో పెట్టారు. కొంతకాలానికి ఆయన ఊతంతో అడుగులు వేశారు. అది ఒక్క మనిషి ఫలితం. పైగా కత్తితో తెగిన గాయం శుభ్రమైన కోత.

ఈ చివరి మాట దగ్గర ఆగాలి. ప్రయోగశాలలో ఎలుక వెన్నుపామును తరచూ కత్తితో కోస్తారు, ఖాళీ చక్కగా ఉంటుంది, స్కాఫోల్డ్ సరిగ్గా కూర్చుంటుంది. చెట్టు మీంచి పడ్డవాళ్లకు, బైకు మీంచి పడ్డవాళ్లకు ఎక్కువగా జరిగేది కోత కాదు, నలుగుడు. మధ్యలో గుంట పడినా అంచున సన్నటి పొరలో బతికున్న పోగులు మిగిలి ఉంటాయి. స్కాఫోల్డ్ పెట్టాలంటే ఆ పొరను చీల్చాలి. ఛాతీ దగ్గర గాయమైతే ఆ రిస్కు తీసుకోవచ్చు. మెడ దగ్గర ఒక్క పూస ఎత్తు నష్టం జరిగినా, ఉన్న చేతి కదలిక కూడా పోవచ్చు, ముద్ద నోటికి తీసుకునే శక్తి పోవచ్చు. పాత గాయాల్లో మచ్చను తీయడం ఇంకా కష్టం. పైగా ఆ మచ్చ పూర్తిగా శత్రువు కాదని కూడా తేలింది: 2016లో మైఖేల్ సోఫ్రోనియూ బృందం ఎలుకల్లో మచ్చ కట్టే కణాలను తీసేస్తే ఆక్సాన్ల పెరుగుదల పెరగకపోగా తగ్గింది.

అవతలి వైపు

మళ్లీ 1981 నాటి ఆ రెండు మిల్లీమీటర్ల దగ్గరికొద్దాం. స్కాఫోల్డ్‌లో పెరుగుదల ప్రొటీన్లు నింపితే ఆక్సాన్లు ఉత్సాహంగా లోపలికొస్తాయి, కానీ బయట అంత మేత దొరకదు కాబట్టి అక్కడే గుమిగూడి ఉండిపోతాయి. దీనికి విరుగుడుగా ప్రొటీన్ మోతాదును అవతలి వైపు ఎక్కువ, ఇవతల తక్కువ ఉండేలా పెడుతున్నారు. మచ్చలో అడ్డుపడే చక్కెర గొలుసులను కోసే ఎంజైమ్‌ను అవతలి అంచున వదులుతున్నారు. ఆ ఎంజైమ్ ఎలుకల్లో పని చేస్తుందని 2002లోనే చూపించారు. ఎదిగిన కణంలో నిద్రపోతున్న పెరిగే శక్తిని జన్యువుల ద్వారా లేపడం ఇంకో దారి.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించిన ఫలితం 2023లో స్విట్జర్లాండ్‌లోని లౌసాన్ నుంచి వచ్చింది. గ్రెగోయిర్ కోర్టీన్ తదితరుల బృందం వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్న చిట్టెలుకల్లో ఆక్సాన్లు గాయాన్ని దాటేలా చేసింది. ఒక గుంపులో అవి దాటి ఊరుకున్నాయి. ఆ ఎలుకలు నడవలేదు. ఇంకో గుంపులో, నడకకు సంబంధించి నిర్దిష్టమైన కణాల ఆక్సాన్లనే, అవి గాయానికి ముందు ఏ చోట కలిసేవో అదే చోటికి రసాయన సంకేతాలతో రప్పించారు. అవి నడిచాయి. పోగుల సంఖ్య లెక్కపెట్టి విజయం ప్రకటించే పద్ధతికి ఇది గట్టి దెబ్బ. స్కాఫోల్డ్ తయారు చేసేవాళ్లు ఇన్నాళ్లూ ఎన్ని దాటాయని అడిగారు. ఇప్పుడు ఏవి దాటాయి, ఎక్కడికి చేరాయి అని అడగాల్సి వస్తోంది. ఎలుకలో గాయం నుంచి నడక కేంద్రానికి కొన్ని మిల్లీమీటర్లు. మనిషిలో మెడ గాయం నుంచి నడుము దాకా చాలా సెంటీమీటర్లు, చేతి నరం వేగంతో లెక్కేసినా దాదాపు ఏడాది. అన్నాళ్లూ కింది కండరాలు, కీళ్లు పాడవకుండా ఉండాలి.

అందుకే సమీప భవిష్యత్తులో స్కాఫోల్డ్ ఒంటరిగా రాదనుకుంటున్నాను. కణాలు, ప్రొటీన్లు, ఎంజైమ్, చర్మం మీద నుంచో వెన్నుపాము పొర మీద నుంచో ఇచ్చే కరెంటు ప్రేరణ, నెలల తరబడి ఫిజియోథెరపీ, అన్నీ కలిసి రావాలి. వీటిలో కరెంటు ప్రేరణ ముందు నడుస్తోంది. మెడ గాయం తర్వాత చేతుల కదలిక కోసం చర్మం మీద పెట్టే ఒక పరికరానికి అమెరికాలో 2024 చివర్లో అనుమతి వచ్చింది.

ఈలోపు ఇక్కడ

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వెన్నుపాము గాయంతో బతుకుతున్నవాళ్లు కోటిన్నర మందికి పైనే. ఇంత పెద్ద ఆశ ఉన్నచోట దాన్ని అమ్ముకునేవాళ్లూ ఉంటారు. "స్టెమ్ సెల్ ప్యాకేజీ", "నరాలు తిరిగి మొలిపించే ఇంజెక్షన్" అని లక్షలు అడిగే కేంద్రాల ప్రకటనలు విశాఖ కుటుంబాల ఫోన్లకూ వస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు చేసే మూల కణాల మార్పిడి తప్ప మిగతా మూల కణ చికిత్సలన్నీ ప్రయోగాలే, వాటిని అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌గా మాత్రమే చేయాలి. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నంబరు ఉంటుంది, ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ప్రయోగ చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నంబరు అడిగితే నసిగినా, బిల్లు చేతిలో పెట్టినా అక్కడి నుంచి లేచి వచ్చేయడమే. పోర్చుగల్‌లో ముక్కు పొర కణాలను వెన్నుపాములో పెట్టించుకున్న ఒక మహిళకు ఎనిమిదేళ్ల తర్వాత అక్కడ కణితి లాంటి గడ్డ పెరిగి తీయించుకోవాల్సి వచ్చిందని 2014లో వైద్యులు రాశారు. "పనిచేయకపోతే పోయేదేముంది" అన్న మాటకు అది జవాబు.

పోయేది, దక్కేది ఎక్కువగా నిర్ణయమయ్యేది మొదటి రోజునే. చెట్టు మీంచి పడ్డవాణ్ని ఇద్దరు చేతులూ కాళ్లూ పట్టుకుని ఎత్తితే, విరిగిన పూస ఆ కుదుపుకే పామును కోయగలదు. ఏజెన్సీలో డోలీ తప్ప దారిలేని చోట కూడా, ఓ తలుపు చెక్కో బల్లో తెచ్చి, తల, మెడ, నడుము ఒకే గీతలో ఉంచి, నలుగురూ కలిసి ఒకేసారి పక్కకు దొర్లించి ఎక్కించవచ్చు. మెడ గాయాల్లో 24 గంటల్లోపు ఒత్తిడి తీసేస్తే రెండు గ్రేడులు, అంతకుమించి మెరుగయ్యే అవకాశం ఎక్కువని 2012లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది. ఇప్పటిదాకా ఏ స్కాఫోల్డూ అంత పని చేయలేదు.

ఇంటికొచ్చాక మూత్రాశయం, చర్మం. ఒకప్పుడు వెన్నుపాము రోగులు చనిపోయేది ఎక్కువగా కిడ్నీలు పాడై. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన చేతులతో సన్న గొట్టం పెట్టి మూత్రం తీసేయడం నేర్చుకోవడంతో ఆ లెక్క మారింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పిరుదుల దగ్గర పుండు పడుతుంది, ఎముక దాకా పోతుంది. మానని పుండ్లు, బిగుసుకుపోయిన కీళ్లు ఉన్నవాళ్లను రేపు వచ్చే ట్రయల్స్‌లో చేర్చుకోవడం కూడా కష్టమే. ఛాతీ పైభాగంలో, మెడలో గాయమున్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది: మూత్రం నిండిపోయినా, గొట్టం మడతపడినా ఒక్కసారిగా తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు, బీపీ అమాంతం పెరగడం. అప్పుడు వెంటనే మనిషిని కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం ఎక్కడ మడతపడిందో చూడాలి. అయినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.